వెనక సీటు బరువు స్ప్రింగ్‌కి తెలియాలి

పుల్లంగి దాటి గుడిస కొండ ఎక్కడం మొదలెట్టాక దారి రంగు మారిపోతుంది. నల్ల రోడ్డు పోయి ఎర్రమట్టి వస్తుంది, మట్టి పోయి రాళ్లొస్తాయి. రెండేళ్ల కిందట డిసెంబర్లో, తెల్లవారుజామున ఐదింటికి, ఆ రాళ్ల మీద నా బండి వెనక చక్రం గట్టులాంటి ఓ రాయి ఎక్కి దిగింది. కింద నుంచి ‘ధన్’మని చప్పుడు. ఆ దెబ్బ నేరుగా నడుముకి తగిలింది. ఆ వెంటనే వెనక సీటు ఎవరో తన్నినట్టు పైకి లేచింది. నేను హ్యాండిల్ పట్టుకుని ఉన్నాను కాబట్టి ఎలాగో నిలబడ్డాను. వెనక కూర్చున్న మావాడికి పట్టుకోవడానికి ఉన్నది నా జాకెట్ ఒక్కటే. తిరిగి చూసేసరికి వాడు రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, కుడిచెయ్యి పొట్టకి అదుముకుని.

ఆ మలుపులో ఎడమ పక్కంతా లోయ. వాడు పడింది కుడి పక్కకి. ఆ ఒక్క ముక్క తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మణికట్టు ఎముక చిట్లింది. టూరిస్టుల్ని దింపి కిందకి వెళ్తున్న జీపు అతను ఆపి, వాణ్ని మారేడుమిల్లి దాకా దించాడు. ఆరు వారాలు కట్టు. వాళ్లమ్మగారు నన్ను ఒక్క మాటనలేదు. “నీకేం తగల్లేదు కదా నాన్నా?” అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది.

కట్టు విప్పాక మావాడు నవ్వుతూనే అన్నాడు, “ఒరేయ్, ఎక్కడికి రమ్మన్నా వస్తాను గానీ నీ బండి మీద మాత్రం కాదు” అని. జోకే అనుకున్నాను. తర్వాత రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ బస్సులో వచ్చాడు. అప్పుడర్థమైంది, జోక్ కాదని.

అన్నీ కొనేద్దామనుకున్నా

నాది ముందు పెద్ద చక్రం, ఎత్తైన హ్యాండిల్ ఉన్న అడ్వెంచర్ బండి. కంపెనీ పేరెందుకులెండి, తప్పు దానిది కాదు. వారమంతా రాజమండ్రిలో ఆఫీసుకి, శని ఆదివారాలు మన్యానికి. మూడేళ్లలో 34 వేల కిలోమీటర్లు తిప్పాను. ఇంజిన్ ఆయిల్, చెయిన్, టైర్లు అన్నీ టైముకి చూసుకున్నాను. సస్పెన్షన్ని మాత్రం ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు. అసలు దాన్ని ముట్టుకోవాలనే తెలీదు.

దెబ్బ తగిలాక ఒకటే పట్టుదల. ‘ఇలా కాదు, మొత్తం మార్చేద్దాం’. రాత్రిళ్లు ఫోన్లో వీడియోలు. స్వీడన్ నుంచి వచ్చే ఓలిన్స్, థాయ్‌లాండ్ వాళ్ల వైఎస్ఎస్, ఇంకా బోలెడన్ని పేర్లు. ముందు ఫోర్కులకి కార్ట్రిడ్జ్ కిట్, వెనక గ్యాస్ డబ్బా వేలాడే షాకప్, రెండూ కలిపి ఆన్‌లైన్ బుట్టలో వేసి చూశాను. ఆ మొత్తానికి ఒక సెకండ్‌హ్యాండ్ బండి వచ్చేస్తుంది. అయినా సరే, ఇఎంఐ పెట్టేద్దామనుకున్నాను. తప్పు చేసినవాడికి డబ్బు ఖర్చుపెడితే కాస్త ప్రాయశ్చిత్తం చేసుకున్నట్టుంటుంది కదా.

కొనే ముందు మా ఊళ్లో పాత మెకానిక్ బాబాయి దగ్గరికి వెళ్లి ఫోన్ చూపించాను. ఆయన ఫోన్ వైపు చూడనేలేదు. “నీ బరువెంత? ఆ రోజు వెనకాలున్నాయన బరువెంత? బ్యాగుల్లో ఏం పెట్టావ్?” అనడిగారు.

నేను హెల్మెట్, బూట్లతో కలిపి 85 కిలోలు. మావాడు 70. టెంటు, స్టవ్వు, నీళ్లు, కెమెరా కలిపి బ్యాగులు ఇంకో 20.

“అంటే ఆఫీసుకెళ్లేటప్పటి కంటే 90 కిలోలు ఎక్కువేసుకుని కొండెక్కావు. ఆ సంగతి బండికి చెప్పావా?”

చెప్పడమంటే ఏమిటో ఆయన టేపు తీసి చూపించారు.

టేపు చెప్పిన నిజం

సస్పెన్షన్‌లో రెండు పనులు జరుగుతాయి. బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఎంత వేగంగా నొక్కుకోవాలి, ఎంత వేగంగా తిరిగి సాగాలి అన్నది చూసేది లోపలి ఆయిల్. ఈ రెండోదాన్నే డ్యాంపింగ్ అంటారు. స్ప్రింగ్ ఒక్కటే ఉంటే గుంత దాటాక బండి బంతిలా ఎగురుతూనే ఉంటుంది. నొక్కుకునేటప్పటి అదుపు కంప్రెషన్, తిరిగి సాగేటప్పటి అదుపు రీబౌండ్. ఏ బండికైనా ముందు స్ప్రింగ్ సరిగ్గా ఉండాలి, తర్వాతే డ్యాంపింగ్. బరువు మొయ్యలేని స్ప్రింగ్‌కి ఎంత ఖరీదైన డ్యాంపింగ్ పెట్టినా దండగే.

స్ప్రింగ్ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి కొలిచేదే సాగ్. మన భాషలో కుంగుదల. ఇది మీరూ ఇంట్లో చెయ్యొచ్చు. ఇద్దరు మనుషులు, ఒక టేపు చాలు.

మొదట బండిని స్టాండ్ మీద పెట్టి, వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి దానికి సూటిగా పైన ఉన్న ఒక చోటికి కొలవండి. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత బండిని నేల మీదకి దించి, ఎవరూ ఎక్కకుండా కొలవండి. మూడోసారి మీరు పూర్తి గేర్‌తో, ఫుట్‌రెస్ట్‌ల మీద కాళ్లు పెట్టి కూర్చోండి. బండి పడకుండా ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. ఒకసారి సీటుని కిందకి నొక్కి నెమ్మదిగా వదిలి, ఇంకోసారి కాస్త పైకెత్తి వదిలి, రెండు కొలతల సగటు తీసుకోండి. లోపల సీళ్ల రాపిడి వల్ల ఒక్క కొలత అబద్ధం చెప్పొచ్చు.

మొదటి కొలతలోంచి మూడోది తీసేస్తే వచ్చేది మీ సాగ్. చక్రం మొత్తం ఎంత కదలగలదో దాన్ని ట్రావెల్ అంటారు. రోడ్డూ రాళ్లూ రెండూ తొక్కే బండికి సాగ్ ఆ ట్రావెల్‌లో సుమారు 30 శాతం ఉండాలన్నది మామూలు లెక్క. కొంచెం అటూ ఇటూ పర్లేదు. నా బండి వెనక ట్రావెల్ 180 మిల్లీమీటర్లు. అంటే 54 దగ్గర్లో ఉండాలి.

నేనొక్కణ్నే కూర్చుంటే 58 వచ్చింది. “చూశావా, కంపెనీ వాడు బాగానే ఇచ్చాడు” అన్నారు బాబాయి. తర్వాత షాపులో కుర్రాణ్ని వెనకాల ఎక్కించి, బ్యాగులంత బరువు కట్టి మళ్లీ కొలిచారు. 98.

రాయి ఇంకా తగలకముందే సగం పైన ట్రావెల్ అయిపోయిందన్నమాట. మిగిలిన 82 మిల్లీమీటర్లు ఆ రాయి తినేసింది. చప్పుడు ‘ధన్’మన్నది అందుకే. ఇక పూర్తిగా నొక్కుకున్న స్ప్రింగ్ తనలో దాచుకున్న బలమంతా ఒక్కసారిగా వదిలింది. మూడేళ్లు వాడిన షాకప్‌లో ఆ వేగాన్ని పట్టి ఉంచే రీబౌండ్ మిగల్లేదు. సీటు మావాణ్ని తన్నింది అందుకు. పైగా వెనక కుంగిపోతే ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ తిప్పినా బండి మలుపు తీసుకోదు. ఘాట్‌లో పొద్దున్నుంచీ బండి బద్ధకంగా తిరుగుతోందని నాకనిపిస్తూనే ఉంది. చలికి చేతులు బిగుసుకున్నాయేమో అనుకున్నాను.

షాకప్ మీద ఉండే రింగ్‌ని సీ స్పానర్‌తో బిగిస్తే ప్రీలోడ్ పెరుగుతుంది. చాలామంది, నాతో సహా, దీంతో స్ప్రింగ్ గట్టిపడుతుందనుకుంటారు. గట్టిపడదు. బండి ఎంత ఎత్తులో నిలబడాలన్నదే మారుతుంది. అదే స్ప్రింగ్, అదే బలం. బాబాయి రింగ్ చివరిదాకా బిగించి కొలిస్తే 98 కాస్తా 80 అయింది. అంటే 44 శాతం. మెరుగే గానీ చాలదు. ప్రీలోడ్ మొత్తం వాడినా సాగ్ ఎక్కువగానే ఉందంటే ఆ బరువుకి ఆ స్ప్రింగ్ మెత్తనిది. ఇక అక్కడ మార్చాల్సిందే.

ఉచితంగా వచ్చే 18 మిల్లీమీటర్లు మూడేళ్లుగా నా సీటు కిందే ఉన్నాయి. నేను ఒక్కసారి స్పానర్ పట్టుకోలేదు.

మనం తిరిగే దారి ఏది?

“ఇప్పుడు చెప్పు, నువ్వు తిరిగే దారేది?” ఇది బాబాయి రెండో ప్రశ్న. “ఆఫ్‌రోడ్” అన్నాను గర్వంగా. “ఎన్ని కిలోమీటర్లు?” అన్నారు. లెక్కేస్తే సిగ్గేసింది.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. అక్కణ్నుంచి గుడిస ఇంకో 40కి అటూ ఇటూ. ఇందులో నిజంగా రాళ్లూ రప్పలూ ఉన్నది చివరి కొండ మాత్రమే. మిగతాదంతా తారే.

కానీ ఆ తారు కూడా ఒక్కలాంటిది కాదు. గోకవరం దాకా ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, ధాన్యం ట్రాక్టర్లు. అక్కడ పదే పదే బ్రేక్ వేస్తాం. ముందు ఫోర్కులు మెత్తగా ఉంటే ప్రతి బ్రేకుకీ బండి ముక్కు నేలకి వంగుతుంది, వెనకాయన హెల్మెట్ మన హెల్మెట్‌కి టక్కున కొట్టుకుంటుంది. రంపచోడవరం దాటాక అడవి, మలుపులు. ‘పుష్ప’ సినిమాలో చూసిన అడవే ఇది. చెట్ల నీడలో రోడ్డు తడిగా ఉంటుంది. అక్కడ బండి ఒరిగినప్పుడు ఊగకుండా ఉండాలి, అంటే రీబౌండ్ పని చెయ్యాలి. పుల్లంగి తర్వాత వేగం పదిహేను, ఇరవై. అక్కడ కావాల్సింది గట్టిదనం కాదు, మిగిలి ఉన్న ట్రావెల్. రాయి తగిలినప్పుడు చక్రం పైకి వెళ్లడానికి చోటుండాలి, గుంత వచ్చినప్పుడు కిందకి దిగి నేలని పట్టుకోవడానికీ చోటుండాలి.

ఒకే బండితో ఈ మూడూ కావాలంటే మూడింటిలోనూ నూటికి నూరు రావు. ఏది ఎంత వదులుకుంటామో మనమే తేల్చుకోవాలి.

చాలామంది ట్రావెల్ ఎక్కువుంటే మంచిదనుకుంటారు. మార్కెట్‌లో బళ్లు చూడండి. ఎక్స్‌పల్స్ 200 4విలో ముందు 190, వెనక 170 మిల్లీమీటర్లు. అదే బండి ప్రో మోడల్‌లో 250, 220. ముందుకీ వెనక్కీ సెట్టింగులు మార్చుకునే వీలూ ఉంది. కానీ సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లకి పోయింది. రాళ్ల వాలు మీద బండి ఆపాల్సొచ్చినప్పుడు కాలు నేలకి అందకపోతే ఆ ట్రావెలంతా ఉండీ లాభం లేదు. హిమాలయన్ 450లో ముందూ వెనకా 200. మనలాంటి వాళ్ల వాడకానికి అది బోలెడు. ఉన్న ట్రావెల్ని కూర్చోగానే సగం తినెయ్యకుండా చూసుకోవడమే అసలు పని.

ఏం కొన్నాను, ఏం మానేశాను

ముందు పైసా ఖర్చు లేనివి, తక్కువ ఖర్చువి. వెనక లింకేజీ బేరింగులు విప్పి చూస్తే గ్రీజు ఎండిపోయి ఉంది. శుభ్రం చేసి పెట్టించాను. ఫోర్కుల్లోంచి తీసిన ఆయిల్ పలచటి టీ డికాక్షన్‌లా ఉంది. మాన్యువల్లో రాసిన గ్రేడు, రాసినంతే పోయించాను. మందం ఆయిల్ పోస్తే గట్టిగా ఉంటుందని ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. కానీ నా బండిలో ఉన్నలాంటి మామూలు ఫోర్కుల్లో ఆయిల్ వెళ్లేది మారని చిన్న రంధ్రాల్లోంచి. బ్రేక్ వేసినప్పుడు ఫోర్కు నెమ్మదిగా నొక్కుకుంటుంది, ఆయిల్ తేలిగ్గా జారిపోయి ముక్కు వంగుతుంది. రాయి తగిలినప్పుడు ఒక్కసారిగా నొక్కుకోవాలి, అంత ఆయిల్ ఆ రంధ్రంలో పట్టక చేతులకి కొట్టేస్తుంది. ఆయిల్ మందం చేస్తే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. ఈ రెండింటినీ విడదియ్యడానికే ఎమ్యులేటర్లు, కార్ట్రిడ్జ్ కిట్‌లు.

నేను కార్ట్రిడ్జ్ మానేశాను. ముందు స్ప్రింగులు మాత్రం ఒక మెట్టు గట్టివి వేయించాను. నేను వెళ్లే వేగానికి అది చాలు. వేగంగా రాళ్ల మీద పరిగెత్తించేవాళ్ల లెక్క వేరు.

డబ్బు పెట్టింది వెనక షాకప్ మీద. గట్టి స్ప్రింగ్, రీబౌండ్ తిప్పుకునే స్క్రూ, పక్కన చేత్తో తిప్పే ప్రీలోడ్ నాబ్ ఉన్నది ఎంచుకున్నాను. నాబ్‌కి అదనంగా డబ్బెందుకంటే, సోమవారం నేనొక్కణ్నే, శనివారం ఇద్దరం. స్పానర్ తియ్యాలంటే బద్ధకిస్తానని నాకు తెలుసు. మూడేళ్లు బద్ధకించినవాణ్ని కదా. ఆర్డర్ పెట్టేటప్పుడు నా బరువు, వెనకాయన బరువు, సామాను బరువు అడిగి స్ప్రింగ్ పంపుతారు. అక్కడ గొప్పలకి పోయి తక్కువ బరువు రాయకండి. అడగకుండానే ‘అందరికీ ఇదే సరిపోతుంది’ అంటే ఆ షాకప్ కొనకండి.

బిగించాక ఒక్కణ్నే కూర్చుంటే 46, ఇద్దరం, బ్యాగులు, నాబ్ బిగిస్తే 60. ట్రావెల్‌లో మూడో వంతు. ఇంకోటి, గట్టి స్ప్రింగ్ వేశాం కదా అని బండి మోసే పరిమితి పెరగదు. ఫ్రేమ్, చక్రాలు, బ్రేకులు పాతవే. ఎంత బరువు వెయ్యొచ్చో మాన్యువల్లో ఉంటుంది, అది దాటకండి. బండి ఇంకా వారంటీలో ఉంటే ఏదైనా మార్చే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి.

కార్ట్రిడ్జ్ డబ్బు మిగిలింది. దాంట్లో కొంత పెట్టి మావాడికి మణికట్టు దగ్గర గట్టి ప్యాడ్ ఉన్న గ్లోవ్స్, మోకాలి గార్డులు కొన్నాను. ఇవ్వలేదు. అలమర్లో పెట్టాను.

తర్వాత రెండు నెలలు ఒక్కణ్నే తిరిగాను. వెనక మావాడి బరువుకి బదులు బియ్యం బస్తా కట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి. ఒకేసారి రెండు సెట్టింగులు మార్చకూడదు, ఏది పనిచేసిందో తెలీదు. రీబౌండ్ స్క్రూ పూర్తిగా బిగించి, అక్కణ్నుంచి ఎన్ని క్లిక్కులు వదిలానో ఫోన్లో రాసుకున్నాను. మరీ బిగిస్తే వరస గుంతల్లో చక్రం తిరిగి దిగేలోపే ఇంకో గుంత వచ్చి, మెట్టు మెట్టుగా బండి కుంగిపోతుంది. మరీ వదిలితే సీటు తంతుంది. సీటు నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడిపోవాలి, ఊగకూడదు. మొదట్లో ఆ గుర్తు చాలు.

మళ్లీ ఆ రాయి దగ్గరికి

పోయిన నవంబర్లో మావాడికి కొలతలన్నీ చూపించాను. 98, 80, 60. వాడు అకౌంటెంటు, అంకెలంటే గౌరవం. అయినా వెంటనే ఒప్పుకోలేదు. “పుల్లంగి దాకా వస్తాను. అక్కడ నచ్చకపోతే జీపెక్కేస్తాను” అన్నాడు. సరేనన్నాను. అప్పుడు అలమర్లోంచి గ్లోవ్స్ తీసిచ్చాను. తొడుక్కుని వేళ్లు ఆడించి చూసుకున్నాడు, ఏమీ అనలేదు.

ఈసారి టెంటు లేదు. బరువైన సామాను వెనక చివర కాకుండా సీటుకి దగ్గరగా, కిందకి కట్టాను. చీకట్లో కాకుండా వెలుగొచ్చాకే బయల్దేరాం. రంపచోడవరంలో టీ, మారేడుమిల్లిలో ఇడ్లీ. బొంగులో చికెన్ తిరుగు ప్రయాణంలో తిందామని ఒప్పందం. గుడిసకి వెళ్లేవాళ్లు మారేడుమిల్లిలోనే అటవీ శాఖ అనుమతుల సంగతి కనుక్కోండి, అవి మారుతుంటాయి. పెట్రోల్ కిందే నింపుకోండి. పైన ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి.

ఘాట్‌లోనే తేడా తెలిసింది. చూసిన వైపుకి బండి తిరుగుతోంది. బ్రేక్ వేస్తే హెల్మెట్లు కొట్టుకోలేదు. పుల్లంగిలో ఆపాను. రెండు జీపులు నిలబడి ఉన్నాయి. మావాడు వాటి వైపు చూశాడు, నా వైపు చూశాడు. “పద” అన్నాడు.

రాళ్ల దారి మొదలైంది. వెనక చక్రం ఎక్కుతోంది, దిగుతోంది. చప్పుడు లేదు. సగం దూరం బానే వెళ్లాం. తర్వాత ఆ మలుపు, ఆ రాయి కనిపించాయి. వానలకి దాని కింద ఇంకా లోతుగా కోసుకుపోయింది.

నా దగ్గర అప్పుడు మంచి షాకప్ ఉంది, అంకెలున్నాయి, రెండు నెలల ప్రాక్టీసు ఉంది. దాటేయగలనని తొంభై శాతం నమ్మకం. బండి ఆపాను. “దిగరా. ఇది దాటాక ఎక్కుదువుగాని” అన్నాను.

వాడు దిగి నడిచాడు. నేను ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి, మోకాళ్లు వంచి, ఒక్కణ్నే ఎక్కించాను. మెత్తగా వెళ్లిపోయింది. పైన ఆగి చూస్తే వాడు ఆ రాయి పక్కన నిలబడి లోయలోకి చూస్తున్నాడు. కాసేపటికి వచ్చి వెనకాల కూర్చున్నాడు. “ఆ రోజు కూడా దింపి ఉంటే సరిపోయేది కదరా” అన్నాడు.

సరిపోయేది. వంద మీటర్లు నడక. మూడేళ్ల పాత స్ప్రింగ్‌తో కూడా సరిపోయేది. ఆ మాట నాకు రెండేళ్లుగా తెలుసు. అందుకే షాకప్ గురించి అన్ని వీడియోలు చూశానేమో.

పైన గడ్డి నిండా మంచు తడి. మేఘాలు కింద ఉన్నాయి. మావాడు గ్లోవ్స్ తీసి, కుడి మణికట్టు ఓసారి తిప్పి చూసుకుని, ఫోటోలు తియ్యడంలో పడ్డాడు. దిగేటప్పుడు ఆ రాయి దగ్గర నేను చెప్పకముందే భుజం మీద తట్టాడు. ఆపాను. దిగి నడిచాడు.

సోమవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ నాబ్ వెనక్కి తిప్పాను. ఒక్కడి బరువుకి.